మా అత్త పిడుగురాయి

ప్రొద్దుటూరులో మా పక్కింటి అమ్మాయి ప్రభుత్వ ఉద్యోగం పరీక్షకు చదువుతోంది. మొన్నొక మధ్యాహ్నం గైడు పుస్తకం పట్టుకొని వచ్చి, నేను సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి ఒక పేజీ అప్పజెప్పించుకోమంది. ప్రపంచ చరిత్ర మలుపులన్నీ ఆ ఒక్క పేజీలో ఉన్నాయి. వ్యవసాయం, పశుపాలన, లోహం, లిపి, నగరం, అచ్చు, ఆవిరి యంత్రం, కర్మాగారం. ఒకదాని నుంచి ఇంకోదానికి బాణం గుర్తు. ఆ పిల్ల ఎక్కడా తడుముకోలేదు. నేనే మొదటి బాణం దగ్గర ఆగిపోయాను. మా అత్త పోయి ఇంకా ఏడాది తిరగలేదు, ఆ బాణం చూడగానే ఆమె చేతులు గుర్తొచ్చాయి.

నాకు జమ్మలమడుగులో టీచరు ఉద్యోగం వచ్చేనాటికి మా ఆయనకు పులివెందులలో కొలువు. శనివారం సాయంత్రం నేను ఇటు నుంచీ ఆయన అటు నుంచీ బస్సెక్కి, వీరపునాయునిపల్లె దగ్గర దిగి, అక్కడి నుంచి అత్తగారి ఊరికి నడిచిపోయేవాళ్ళం. ఆ రోజుల్లో ఇలా రెండూళ్ళ సంసారం చేసినవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. ఆరు రోజులు బడి, ఒక రోజు పల్లె. బడిలో నేను చెప్పే పాఠమేమో మనుషులు వేట మాని విత్తనం వేయడం ఎట్లా నేర్చుకున్నారు, ఆవిరి యంత్రం వచ్చి మగ్గాన్ని ఇంట్లో నుంచి మిల్లుకు ఎట్లా లాక్కుపోయింది అని. ముందు కూర్చున్న పిల్లల్లో సగం మంది సేద్యగాళ్ళ పిల్లలు, మిగతా సగం నేతపనివాళ్ళ పిల్లలు. పుస్తకంలో వేల ఏళ్ళ ఎడంతో ఉన్న రెండు సంగతులూ వాళ్ళ ఇళ్ళల్లో గోడకు ఆ పక్కా ఈ పక్కా జరుగుతుండేవి. మర మగ్గాల పాఠం చెప్పిన రోజు ఒక నేతగాడి కూతురు లేచి, మరి ఆ మిల్లులొచ్చిన దేశంలో చేతిమగ్గాల వాళ్ళు ఆ తర్వాత ఏం తిన్నారు టీచర్ అని అడిగింది. పుస్తకంలో లేదన్నాను. ఈనాటికీ ఆ జవాబు గురించి నాకు సిగ్గే.

మా అత్త ఇంట్లో విత్తనాల గదిలో, నీళ్ళు పోసిన రాగి చెంబులో ఒక రాయి ఉండేది. నల్లగా, అరచెయ్యంత, ఒక కొస సన్నంగా, రెండో కొస గొడ్డలి వాదరలాగా ఉండేది. అది పిడుగురాయి అని ఊరి నమ్మకం. పిడుగు పడ్డచోట భూమిలోకి దిగిపోయి, ఏళ్ళ తర్వాత నాగలికి తగిలి పైకొస్తుందట. మా మామగారి తాతకు చేనులో దొరికిందట. తొలకరి వాన పడగానే మా వీధి ఆడవాళ్ళంతా విత్తనాల చాటలు పట్టుకొని వచ్చేవాళ్ళు. మా అత్త ఆ రాతిని కడిగి, ఆ నీళ్ళు అందరి విత్తనాల మీదా చిలకరించి, ఆ తర్వాత తన చేనులో విత్తనం వేసే గొర్రు మీది జడ్డిగంలో, అంటే గింజలు జారే ఆ చెక్క గిన్నెలో, మొదటి పిడికెడు తానే వేసేది. అప్పటిదాకా ఆ వీధిలో ఎవరూ గొర్రు కట్టేవాళ్ళు కాదు. ఆమెకు చదువు లేదు, ఇంట్లో మామగారి మాటే మాట. అయినా ఏడాదిలో ఆ ఒక్క ఉదయం మాత్రం మగవాళ్ళు కూడా ఎద్దులు పట్టుకొని ఆమె కోసం నిలబడి ఉండేవాళ్ళు.

ఒక ఆదివారం పాఠం చూసుకుంటూ ఉంటే పుస్తకంలో నూరిన రాతి గొడ్డలి బొమ్మ కనిపించింది. అచ్చం మా ఇంట్లో రాయే. గదిలోకి పోయి చేతికి తీసుకొని చూస్తే అనుమానం లేదు. వేల ఏళ్ళ కిందట ఈ నేల మీద మొదట గింజ చల్లి, పశువును కట్టేసుకున్న మనుషుల చేతి పనిముట్టు అది. ఆ సంతోషంలో నేను చేసిన పొరపాటు, అత్తను అడక్కపోవడం. ఆమె బట్టలుతకను పోయింది, నా బస్సు టైమైంది. వానల జాడ లేదు, శనివారానికి తెచ్చి చెంబులో వేస్తే తెలిసేదెవరికి అనుకున్నాను. తడి తుడిచి, చీర మడతలో చుట్టి జమ్మలమడుగు తీసుకుపోయాను.

పిల్లలు దాన్ని చేతులు మార్చుకుంటూ చూసిన తీరు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. హెడ్‌మాస్టరు గారు ముచ్చటపడి, ప్రొద్దుటూరులో తన స్నేహితుడు చరిత్ర లెక్చరరు ఉన్నాడని, చూపించి రెండు రోజుల్లో తెస్తానని తీసుకుపోయారు. ఆ రాత్రే వాన పడింది.

వాన పడ్డ రెండో రోజు పొద్దున్నే మా మరిది బురద కాళ్ళతో బడికి వచ్చి నిలబడ్డాడు. “జమ్మలమడుగులో రాళ్ళకు కరువొచ్చిందా వదినా, మా ఇంట్లో రాయే కావల్సొచ్చిందా?” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ముఖంలో నవ్వు లేదు. చెంబు ఖాళీగా ఉందట, ఆదివారం నేను ఆ గదిలోకి పోవడం ఎవరో చూశారట. అత్త గొర్రు కట్టనివ్వలేదట. ఆమె కట్టలేదని వీధంతా ఆగిపోయిందట. “పదును ఆరిపోతాంది. ఈ పొద్దు దాటితే అంతే” అన్నాడు. మన సీమలో పుట్టినవాళ్ళకు ఆ మాట విడమర్చి చెప్పనక్కర్లేదు. మళ్ళీ వాన ఎప్పుడో ఎవరికి తెలుసు! ఆ తడిలో గింజ పడకపోతే ఏడాది సేద్యం పోయినట్టే.

సెలవు పెట్టి ఇద్దరం ప్రొద్దుటూరు బస్సెక్కాం. లెక్చరరు గారి ఇల్లున్న వీధిలో ఇంటింటా మర మగ్గాలు. ఆ చప్పుడులో మా మాట ఆయనకు వినపడక, నేను రెండుసార్లు అరిచి చెప్పాను. ఆయన మంచివాడు. రాతిని బట్టలో చుట్టి జాగ్రత్తగా పెట్టాడు, దాని గురించి చెబుతుంటే ఆయన కళ్ళు మెరిశాయి. విత్తనాన్ని మొదట గమనించింది, దాచింది ఆడవాళ్ళే అయ్యుండొచ్చని కొందరు పండితులు అనుకుంటారని చెప్పాడు. ఇంకొకప్పుడైతే సాయంత్రం దాకా కూర్చొని వినేదాన్ని. ఇది ఇంట్లో ఉండాల్సింది కాదు, మ్యూజియంలో గాజు పెట్టెలో ఉండాల్సిన వస్తువు అన్నాడు. మా మరిది, “ఉంచుదాంలే సార్, ముందు శనక్కాయలు పడనీ” అని ఆయన చేతిలోంచి తీసుకొని తువ్వాల్లో మూట కట్టాడు.

మేం ఊరు చేరేసరికి పొద్దు బాగా వాలింది. చేను గట్టు మీదికి రాగానే సాళ్ళు కనిపించాయి. విత్తనం పడిపోయింది. మా ఒక్క చేనే కాదు, కనుచూపు మేర అన్నీ.

తర్వాత తెలిసింది. మధ్యాహ్నానికి తడి ఆర్చేసే గాలి లేచిందట. చాటలు పెట్టుకొని మా గడపలో కూర్చున్న ఆడవాళ్ళలో ఒకామె, పిల్లల తల్లి, తన చాట ఎత్తుకొని లేచి వెళ్ళిందట. ఆమె వెనక ఇంకొకామె. మా అత్త కాసేపు చూసి, చేనుకు పోయి, మట్టి పిడికిట్లో పట్టి నలిపి చూసి, ఎద్దులు కట్టమందట. చిలకరించని పొడి గింజలే మొదటి పిడికెడు జడ్డిగంలో వేసిందట.

నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చొని తప్పయిపోయిందన్నాను. “మన్ను నిలబడదు గదమ్మా, నువ్వొచ్చేదాకా” అంది. అంతే. ఆ మాటలో కోపం ఎంతో, ఓదార్పు ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు.

అన్నాలు తిన్నాక ఆమే అడిగింది, ఆ రాయిలో ఏముందని ఊళ్ళు తిప్పినావు అని. తెలిసినంత చెప్పాను. నమ్మదనుకున్నాను. ఆమె రాతిని వెలుగులో పెట్టి వాదర మీద బొటనవేలు జరిపింది. “పిడుగుకు ఇంత ఓపికుంటాదా! ఇది ఎవురో నూరినదే” అంది. ఇంకాసేపటికి, “నూరినామెకు పిల్లలున్నింటారా?” అని అడిగింది. నూరింది ఆడమనిషే అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. లెక్చరరు గారి మాట నేను ఇంకా ఎత్తనే లేదు.

తర్వాతి వారం నేను పోయేసరికి మా అత్త కుడి మణికట్టుకు పసుపు పట్టు వేసుకొని ఉంది. అలాంటి నల్లరాతి ముక్క ఒకటి వాగువంకలోంచి తెచ్చుకొని, వాకిట్లో నాపబండ మీద ఇసుకా నీళ్ళూ పోసి మూడు మధ్యాహ్నాలు నూరిందట. ఒక పక్కన గోరంత మేర నున్నగా వచ్చింది. “ఇది ఒక ఎండాకాలం పనమ్మే. ఆమెకు తిండి ఇంకెవురో పెట్టింటారు” అంది. పనిచేసేవాడికి ఇంకొకరు తిండి పెట్టగలగడం నుంచే వృత్తులూ నగరాలూ పుట్టాయని నేను పిల్లలకు ఒక పీరియడంతా చెప్పేదాన్ని. ఆమె అది మణికట్టు నొప్పితో కనిపెట్టింది.

ఆ ఏడు పంట ఎప్పటిలాగే వచ్చింది. ఎక్కువా కాదు, తక్కువా కాదు. అదే మా అత్తకు దెబ్బ అయింది. మరుసటి ఏడు తొలకరికి ఆమె గడప అలికి, చెంబు తోమి పెట్టుకుంది. ఇద్దరు ముసలమ్మలు వచ్చారు. ఆ పైయేడు వాళ్ళూ రాలేదు. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు, ఆమె ఎవరినీ పిలవలేదు. తర్వాత ఒకరోజు రాతిని తానే నా చేతిలో పెట్టి, పిల్లలకు చూపించుకో అంది. నేను రిటైరయ్యేదాకా అది బడి బీరువాలో ఉంది, ఇప్పుడూ అక్కడే ఉండాలి. ఏటా ఆ పాఠం రోజున పిల్లలకు దాన్ని నూరినామె గురించి చెప్పేదాన్ని, మా అత్త ప్రశ్నలతో సహా. మంచి టీచరని పేరు కూడా వచ్చింది.

చరిత్రలో మలుపులన్నీ ఇట్లాగే వచ్చి ఉంటాయని ఈ మధ్య అనిపిస్తోంది. ఎవరో ఒకామె చాట ఎత్తుకొని లేచి వెళ్ళి ఉంటుంది, పిల్లలు గుర్తొచ్చి. ఆమెది తప్పని ఎవరనగలరు? కానీ వెనక గడపలో కూర్చుండిపోయిన మనిషి సంగతి ఏ పాఠంలోనూ లేదు. నేనూ ఇన్నేళ్ళు నూరినామె గురించే చెప్పాను.

ఇప్పుడు ఆ చేను కౌలుకిచ్చాం. ఈ ఏడు వాన పడిందని పేపర్లో చూసి కౌలు రైతుకు ఫోన్ చేశాను. మందు పూసిన విత్తనాలు సంచుల్లో వచ్చాయని, ట్రాక్టరు వచ్చి నిన్ననే రెండు గంటల్లో పని తేల్చి పోయిందని చెప్పాడు. సంతోషమే. మా మరిది ఎద్దుల వెనక పడ్డ కష్టం నేను చూశాను, అది పోవాల్సిందే. మరి ముందు ఎవరినైనా అడిగారా అన్నాను. “ఎవుర్ని అడగల్లమ్మా?” అన్నాడతను, నిజంగానే అర్థంకాక. ఏమీ లేదులే నాయనా అని పెట్టేశాను. మా అత్త పేరు చెప్పినా అతనికి తెలియదు. ఏటా ఒక ఉదయం వీధి వీధంతా ఆమె చెయ్యి లేచేదాకా ఆగేదని ఇంకా తలుచుకునేవాళ్ళం ఇక మా మరిదీ నేనూ, ఇద్దరమేనేమో.