ఊరగాయ డబ్బాలో టర్బో

నిన్న ఆవని గుడికి పోయినాం కదా, ఎట్ల పోయినామని మాత్రం అడగొద్దండప్పా. సరే, మీరు అడగకపోయినా చెప్తాను. కడుపులో పెట్టుకుంటే అరిగేటట్లు లేదు.

మా తోడల్లుడు మురళి ఉండాడు కదా, మా ఆవిడ చెల్లెలి మొగుడు, వాడు కొత్త కారు కొన్నాడు. ఎర్ర కారు, టర్బో! ఆండర్సన్‌పేటలో మా మామ ఇంటి ముందర నిలబెట్టి హారన్ కొట్టినాడు. అంతే, ఇంగ మామ నోట్లో వేరే మాట లేదు. "మురళి కారెక్కితే మిట్ట ఎక్కేదే తెలీదప్పా!" అని నా ముందరే అంటాడు! పెద్దల్లుణ్ణి నేను. ఇన్నేండ్లు ఆయన్ని ఆస్పత్రికి, పెళ్ళిళ్ళకి తిప్పింది నా కారు. నిజం చెప్పేస్తాను, నాకు కుళ్ళు. మామూలు కుళ్ళు కాదు, అన్నం తింటా ఉంటే కూడా ఆ ఎర్ర కారే కనపడేది.

నా పాత కారు మిట్ట వస్తే ఆయాసపడతాది. దానికి కారణం ఉండాది. ఇంజన్‌లోకి గాలి పోయే దారిలో ఒక రెక్క ఉంటాది. ఇంజన్ నిదానంగా తిరిగేటప్పుడు అది మూసుకోవాల, జోరుగా తిరిగేటప్పుడు తెరుచుకోవాల. అప్పుడే దండిగా గాలి దూరి బండి లాగుతాది. ఆ రెక్కను ఎప్పుడు తెరవాలో చెప్పే స్విచ్చు చెడిపోయింది. కొత్తది యాడా దొరకదన్నారు. దొరక్కపోతే ఏం? హైస్కూల్లో సైన్స్ మేష్టర్ని కాదా నేను? నేనే చేస్తాను!

సాయంత్రాలన్నీ వంటింటి బండ మీదే. ఒక చిన్న బోర్డు, ఒక చిప్పు, ఒక రిలే. ఇంజన్ ఎంత జోరుగా తిరుగుతా ఉండాదో కాయిల్ వైరు నుంచి కనిపెట్టి, నిమిషానికి నాలుగు వేల చుట్లు దాటగానే రెక్క తెరిచేస్తాది. పెట్టేదానికి డబ్బా దొరక్క ఊరగాయ డబ్బా కడిగి అందులో బిగించినాను. సరిగ్గా కడగలేదేమో, వేడెక్కితే కారంతా ఆవపిండి వాసన!

మా ఆవిడ చూసి చూసి అనింది, "కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ? కారుకే లేని రోషం మీకెందుకు?"

"నీకు తెలీదు, ఊరుకో!"

పనిచేసింది! ఇంటి ముందర రేస్ ఇస్తే రెక్క టక్కుమని తెరుచుకుంది. అక్కడితో నిలిపేసుంటే ఈ పొద్దు మీ ముందర ఇట్ల కూర్చునేవాణ్ణి కాదు. కానీ బానెట్ కింద రెక్క తెరుచుకుంటే మామకెట్ల తెలియాల? మురళి కారులో టర్బో అని తెర మీద వెలుగుతాదంట! నాకూ ఏదో ఒకటి కావాల కదా. గుజరీ అంగట్లో పాత ఇనుము మధ్య ఒక కరెంటు బెల్లు దొరికింది, ఇత్తడిది. దాన్ని డాష్‌బోర్డు కింద బిగించి నా స్విచ్చుకే కలిపేసినాను. రెక్క తెరుచుకుంటే టంగుమని ఒక్కసారి కొడతాది.

నిన్న రెండు కుటుంబాలూ ఆవనికి బయల్దేరినాం. మామ కాళ్ళు ఎర్ర కారు వైపే పోతా ఉండాయి. నేను ఉరికి చెయ్యి పట్టుకున్నాను. "మామా, ఈ ఒక్కసారి నా కారులో ముందర కూర్చో. మిట్ట మీద చూద్దువు." జాలేసిందో ఏమో, ఎక్కినాడు.

మామ గురించి ఒక మాట చెప్పాల. ఆయన బంగారు గనిలో వైండింగ్ ఇంజన్ డ్రైవరు. మనుషులెక్కిన కేజ్‌ని ఇనప తాడు మీద గనిలోకి దించేది, పైకి లాగేది ఆయన పని. గని ఎప్పుడో మూసేసినారు కానీ మనిషి ఇంకా డ్యూటీలోనే ఉన్నట్టు నిటారుగా కూర్చుంటాడు.

బేతమంగళం దాటినాం. ముందర మిట్ట, వెనకాల అద్దంలో మురళి. "ఇప్పుడు చూడు మామా!" అని గేరు తగ్గించి తొక్కినాను. ఇంజన్ అరిచింది. ముల్లు మూడు వేలు దాటింది, మూడున్నర దాటింది. రెక్క ఇంకా తెరుచుకోనే లేదు, గేరు తగ్గించిన దానికే కారు దూకింది! మురళి వెనకబడినాడు! అబ్బా, నా పెండ్లి నాడు కూడా అంత సంతోషం లేదు.

టంగ్!

మామ చెయ్యి పోయి హ్యాండ్‌బ్రేకు పట్టుకుని ఉన్న బలమంతా పెట్టి లాగేసింది.

కారు కీచుమని అరిచి అడ్డం తిరిగి నిలబడింది. ఇంజన్ ఆగిపోయింది. వెనక సీట్లో ఉన్న మా ఆవిడ, కొబ్బరికాయలు, అరటిపండ్లు అన్నీ ఒకటే కుప్ప. రోడ్డు ఖాళీగా ఉండాది కాబట్టి సరిపోయింది.

"ఏంది మామా ఇది!"

"ఏందంటావేంది అల్లుడా? కేజ్ పోతా ఉండేటప్పుడు ఒక్క బెల్లు కొడితే స్టాప్! లోపల ఎవరికేమైందో ఏమో! నా సర్వీసులో ఒక్క బెల్లు తప్పలేదప్పా!" చెయ్యి ఇంకా బ్రేకు మీదే ఉండాది. తర్వాత డాష్‌బోర్డు కిందికి వంగి చూసినాడు. మొహం వెలిగిపోయింది. "ఇది మా గని షాఫ్టు బెల్లే కదా! యాడ దొరికింది నీకు?"

గుజరీ అంగట్లో అని చెప్పి తాళం తిప్పినాను. కుదుపుకు ఊరగాయ డబ్బా ఊడి, వైర్లు ఒకదానికొకటి తగిలి ఫ్యూజు కాలిపోయింది. కారు ఇంగ స్టార్ట్ కానే కాదు.

మురళి వచ్చినాడు. నవ్వనైనా నవ్వలేదు, అదే ఇంకా మంట. "పర్వాలేదన్నా, తాడుండాది" అన్నాడు.

"కొత్త కారులో తాడెందుకు పెట్టుకున్నావు?"

"పొద్దున వదినే ఫోన్ చేసి పెట్టుకోమనింది."

నేను మా ఆవిడ వైపు చూసినాను. ఆమె కొబ్బరికాయలు ఏరుకుంటా ఉండాది.

ఇంగ చెప్పేదేముంది? మామ నా బెల్లు ఊడదీసుకుని, చంటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని, పోయి మురళి పక్కన కూర్చున్నాడు. మా ఆవిడా అందులోనే ఎక్కింది. నా కారులో నేనొక్కణ్ణే, స్టీరింగు పట్టుకుని, తాడు చివర. దోవ పొడుగునా మామ గని కథలు చెప్పేది, మురళి తలూపేది వెనక నుంచి కనపడతానే ఉండాది.

కానీ ఒకటి మాత్రం మీరు ఒప్పుకోవాల. ఆవని దాకా వాడి టర్బో ఎంత స్పీడుగా పోయిందో, నా కారూ సరిగ్గా అంతే స్పీడుగా పోయింది!