ఇంజిన్ వెనకుందన్న మామయ్య

ఏడు వీధుల అవతల ఒక కారు దగ్గిందంటే చాలు, అందులో ఏ సిలిండరుకు జలుబు చేసిందో, దాన్ని నడిపేవాడు పొద్దున ఇంట్లో ఎవరితో పోట్లాడి బయలుదేరాడో మా మామయ్య మంచం దిగకుండానే చెబుతాడు. నమ్మనివాళ్లు నన్నడగండి. ఆయన షెడ్డు పక్కనే టైర్ల కొట్టు పెట్టుకుని పన్నెండేళ్లయింది నాకు. కాలేజీ రెండో ఏడు సగంలో వదిలేసినవాణ్నే, కాదనను. కానీ మా మామయ్య గురించి పరీక్ష పెడితే మాత్రం ఈ భూమ్మీద ఫస్టు ర్యాంకు నాదే.

షెడ్డంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. మూడు గోడలు, రేకుల కప్పు, కారు కిందికి దిగి పనిచేయడానికి ఒక గొయ్యి, గోడకు సైజుల వారీగా వేలాడే స్పానర్లు. పెద్ద షెడ్లలో కంప్యూటరు తగిలించి రోగం కనిపెట్టే మిషన్లుంటాయి. మామయ్యకున్నది పసుపు పిడి ఉన్న పొడుగాటి స్క్రూడ్రైవరు ఒక్కటే. దాని మొనను నడుస్తున్న ఇంజిన్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుంటాడు. లోపల ఎక్కడ బేరింగు అరిగిందో, ఎక్కడ వాల్వు వదులైందో ఆ ఇనుప కడ్డీ వెంట చప్పుడు నడిచొచ్చి ఆయన చెవిలో చెప్పిపోతుంది. ఆ సమయంలో షెడ్డులో ఎవరూ తుమ్మకూడదు. నేనొకసారి తుమ్మితే, ముందు నా ముక్కు విప్పి గ్రీజు పెట్టి బిగించాలన్నాడు.

మా వీధి చివర ఆసుపత్రి పెట్టుకున్న పళ్ల డాక్టరమ్మకు ఒక ఎర్ర కారుంది. చూడ్డానికి పిట్టంత, పరుగులో తారాజువ్వ. ఆరు గేర్లు, బిర్రుగా ఉండే స్ప్రింగులు, నేలను తాకుతోందా అన్నట్టు కూర్చునే ఒళ్లు. పదకొండేళ్లుగా దాని మంచిచెడ్డలన్నీ మామయ్యవే. తమ పెళ్లిరోజు మరిచిపోతాడు కానీ, ఆ కారుకు ఆయిల్ మార్చిన తేదీ మరిచిపోడు. అది షెడ్డు ముందు ఆగిందంటే చాలు, లోపల కుట్టుమిషను తొక్కుతున్న అత్తయ్య తల ఎత్తకుండా, నా సవతి వచ్చినట్టుంది, మంచినీళ్లివ్వండి అంటుంది.

ఆ కారును కంపెనీవాళ్లు మళ్లీ కొత్తగా తయారుచేశారు. పేరదే, రూపం వేరు. పాతది ఇచ్చేసి కొత్తది తీసుకోవాలా అని డాక్టరమ్మకు ఊగిసలాట. రెండూ పక్కపక్కన పెట్టి నడిపి చూసి, నువ్వు ఊఁ అంటేనే మారుస్తానన్నయ్యా అని మామయ్యకు అప్పగించింది. ఆ రోజు ఆమెకు ఎవరిదో జ్ఞానదంతం పీకే పని ఉంది. కాబట్టి పాత ఎర్ర కారులో మామయ్యా నేనూ షోరూముకు బయలుదేరాం.

షోరూము నేల ఎంత మెరుస్తోందంటే, మామయ్య తన చెప్పుల అడుగుభాగం చూసుకుని సిగ్గుపడ్డాడు. కొత్తది కూడా ఎరుపే. టై కట్టుకున్న సేల్స్‌మాన్ ఏదో చెప్పబోయేలోపే మామయ్య నేల మీద కూర్చుని జానలతో కొలవడం మొదలెట్టాడు. పాతదానికంటే జానెడు పొడుగు, నాలుగు వేళ్లు వెడల్పు. ముందు అద్దం పక్కనున్న స్తంభాలు లావెక్కాయి, మూల తిరిగేటప్పుడు అటు మనిషుంటే కనబడడన్నాడు. చేత్తో లాగే హ్యాండ్‌బ్రేకు పోయి, దాని చోట గోరంత మీట వచ్చింది. పాతదాంట్లో గాలికి, పాటకు, దీపాలకు తిప్పే గుండ్రటి మరలుండేవి, చూడకుండా చెయ్యి పోయేది. కొత్తదాంట్లో అన్నిటికీ కలిపి పలకంత తెర. ముగ్గురు పిల్లల్ని కన్నాక కూడా ఇంతే సన్నగా ఉండమంటే ఎలా సార్ అన్నాడు సేల్స్‌మాన్. మామయ్య నవ్వలేదు. పని మీదున్నప్పుడు ఆయన నవ్వడు.

ఒకే దారి, ఒకే గేరు, ఒకే వేగం. ఆయన పద్ధతి అది. షోరూము వెనక సందు, స్పీడ్‌బ్రేకరు, నీళ్ల ట్యాంకు చుట్టూ పెద్ద మలుపు, ఫ్యాక్టరీ గోడ పక్కన ఎత్తు. ముందు పాతదాంట్లో ఒక చుట్టు. స్పీడ్‌బ్రేకరు దగ్గర నా పళ్లు గలగలమన్నాయి. తరవాత కొత్తదాంట్లో. స్పీడ్‌బ్రేకరు ఎప్పుడు దాటామో నాకు తెలీలేదు. నీళ్ల ట్యాంకు మలుపులో పాతది తోక విదిలించే చోట కొత్తది పట్టాల మీదున్నట్టు పోయింది. మామయ్య కనుబొమ్మలు పైకి లేచాయి. ఆయన మొహంలో అది చప్పట్లతో సమానం.

ఎత్తెక్కుతుంటే సేల్స్‌మాన్ స్టీరింగు పక్కనున్న మీట నొక్కి, ఇప్పుడు వినండి అన్నాడు. కారు గర్జించింది. గర్జనంటే మామూలు గర్జన కాదు, లేచి నిలబడ్డ నా తల వెంట్రుకలు మూడు నెలల పాటు పడుకోలేదు. నా వెన్ను జిల్లుమంది. మామయ్య మాత్రం తల అటూ ఇటూ తిప్పి, కారు పక్కకు తీసి ఆపాడు. చాలాసేపు విన్నాడు. చివరికి అడిగాడు.

"బాబూ, దీని ఇంజిన్ వెనకుందా?"

సేల్స్‌మాన్ వెంటనే నవ్వలేదు, మర్యాదస్తుడు. దిగి, బానెట్ ఎత్తాడు.

"ఇదిగో అంకుల్ ఇంజిన్. ఇక్కడే ఉంది. నిన్న కూడా ఇక్కడే ఉంది."

మామయ్య దిగి బానెట్ దగ్గర చెవి పెట్టాడు. ఇంజిన్ పాలు తాగిన పిల్లిలా గుర్రుపెడుతోంది, అంతే. లోపల విన్న గర్జన లేదు. మళ్లీ ఎక్కి కూర్చున్నాడు. గర్జన ఉంది, అదీ వీపు వెనక. మళ్లీ దిగాడు. లేదు. ఈ వయసులో మా నాన్నగారికీ ఇలాగే మొదలైంది, మంచి చెవుల డాక్టరున్నాడు, నంబరివ్వనా అన్నాడు సేల్స్‌మాన్. మామయ్య తాళం అతని చేతిలో పెట్టాడు.

సాయంత్రానికి టీకొట్టు దాకా పాకింది, మెకానిక్ గారికి ఇంజిన్ వెనక వినిపిస్తోందట అని. నేను చెప్పింది ఇద్దరికే. ఆ ఇద్దరూ ఎంతమందికి చెప్పారన్నది నాకు సంబంధం లేని విషయం.

మామూలుగా అయితే మామయ్య ఇలాంటి వాటిని దులిపేసుకుంటాడు. కానీ టీవీ సౌండు పెంచుతున్నారు, పిలిస్తే పలకడం లేదు అని ఆర్నెల్లుగా అత్తయ్య సణుగుతోంది. ఆ భయం ఆయన లోపల అప్పటికే గూడు కట్టుకుని ఉంది. మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి ఆయన గోడకు మొహం పెట్టి స్టూలు మీద కూర్చున్నాడు. వెనక అత్తయ్య ఒక్కో స్పానరునూ గొయ్యి అంచుకు కొడుతోంది, ఆయన మోత విని దాని సైజు నంబరు చెబుతున్నాడు. అన్నీ చెప్పాడు. పన్నెండును మాత్రం పదమూడన్నాడు. దాంతో లేచి, పసుపు పిడి స్క్రూడ్రైవరును మేకుకు తగిలించేశాడు. ఆ మధ్యాహ్నం లొడలొడమంటూ ఒక వ్యాను వస్తే, పెద్ద షెడ్డుకు తీసుకెళ్లండి, అక్కడ మిషనుందన్నాడు. ఆయన నోటి నుంచి ఆ మాట నేను వినడం అదే మొదలు.

మూడు రోజులు అలాగే గడిచాయి. ఆయన తుడిచిన స్పానరునే మళ్లీ తుడుస్తున్నాడు. ఊరుకో అత్తయ్యా, నాలుగు రోజుల్లో మామూలైపోతాడులే అని నేను నవ్వబోతే, ఆమె మిషను తొక్కడం ఆపింది.

"నీకు నవ్వులాటగానే ఉంటుందిరా. ఆ చెవులు పోతే ఆ చేతులకు ఏం చెయ్యాలో ఎవరు చెప్తారు?"

నాలుగో రోజు మధ్యాహ్నం డాక్టరమ్మ షోరూమువాళ్ల కొత్త ఎర్ర కారును సాయంత్రం దాకా అడిగి తెచ్చుకుని షెడ్డు ముందు ఆపింది. పాతదీ అక్కడే ఉంది. ఏమన్నయ్యా, ఏం తేల్చావు అంది. మామయ్య స్టూలు జరిపి, జరిగిందంతా దాచకుండా చెప్పాడు. నా మాట మీద కారు కొనకండి, నా చెవులిక నమ్మదగినవి కావన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన నేలకేసి చూశాడు. నేనూ నేలకేసే చూశాను. టీకొట్టు దగ్గర చెప్పిన ఆ ఇద్దరూ గుర్తొచ్చారు.

డాక్టరమ్మ జాలిపడుతుందనుకున్నాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది, రోగి ముందు కూర్చున్నట్టే.

"నా దగ్గరికొచ్చేవాళ్లు కింది పన్ను నొప్పంటారన్నయ్యా. చూస్తే పుచ్చింది పైపన్ను. అలాగని వాళ్లకు నొప్పి లేదంటానా? ముందు నొప్పన్న చోట చూస్తాను. నీకు వెనక వినపడిందా, వెనకే చూడు."

 మామయ్య లేచి, మేకు మీది స్క్రూడ్రైవరు తీశాడు.

నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, ఆ గర్జించే మీట నొక్కి యాక్సిలరేటరు తొక్కుతూ ఉండమన్నాడు. తాను డిక్కీ ఎత్తి, అందులోకి నడుము దాకా దూరాడు. తివాచీ పైకి లేపాడు. స్పేరు టైరు గుంటలో గిన్నెంత నల్లటి డబ్బా ఒకటుంది. దాని మీద స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. అత్తయ్య గుమ్మంలో నిలబడింది. నేను తుమ్ము ఆపుకున్నాను, దేవుడి మీద ఒట్టు.

మామయ్య కళ్లు మూసుకునే, ఆ డబ్బాకున్న వైరు ప్లగ్గు లాగాడు.

గర్జన టక్కున ఆగిపోయింది. ఇంజిన్ మాత్రం ముందు వైపు పిల్లిలా గుర్రుపెడుతూనే ఉంది. ప్లగ్గు పెట్టాడు, గర్జించింది. లాగాడు, ఆగింది. ఐదుసార్లు, పదిసార్లు, లైటు స్విచ్చు దొరికిన పసివాడిలా. అది స్పీకరు. ఇంజిన్ గొంతు సన్నమైపోయిందని కంపెనీవాళ్లు గర్జన తయారుచేసి వెనకనుంచి వినిపిస్తున్నారు. సేల్స్‌మాన్‌కే ఆ సంగతి తెలియదు. మామయ్య డిక్కీలోనే చతికిలబడి నవ్వడం మొదలెట్టాడు. కన్నీళ్లు గ్రీజుతో కలిసి బుగ్గల మీద చారలు కట్టాయి. అత్తయ్య చీర కొంగుతో తుడవబోయి, కొంగు నల్లగా అయిందని తిట్టి, ఆమె కూడా నవ్వింది.

"ఒరేయ్ అల్లుడూ, పాతది సొంత గొంతుతో పాడుతుందిరా. దీనికి వెనకనుంచి ఎవరో పాడి పెడుతున్నారు, ఇది పెదాలు కదుపుతోంది."

ప్లగ్గు లాగేసి నీళ్ల ట్యాంకు దాకా మళ్లీ నడిపాడు, ఈసారి డాక్టరమ్మను పక్కన కూర్చోబెట్టుకుని. వచ్చి తీర్పు చెప్పాడు. మలుపుల్లో కొత్తదే మేలు, బ్రేకు కొత్తదే, నడుముకు కొత్తదే. ఇంజిన్ సొంత గొంతు సన్నంగా ఉన్నా ఆరోగ్యంగా ఉంది, అబద్ధం చెప్పడం లేదు. మూలల్లో మాత్రం రెండుసార్లు చూసుకోండి, కొనండి అన్నాడు. పదకొండేళ్లు పెంచిన ఎర్ర కారును ఓడించే తీర్పు ఇంత హుషారుగా చెప్పిన మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

డాక్టరమ్మ కొత్తది తీసుకుంది. ఇంటికెళ్లేముందే షెడ్డుకొచ్చి ప్లగ్గు పీకించుకుంది. ఆ సేల్స్‌మాన్ కూడా వచ్చి డిక్కీలో తల పెట్టి చూసి, ఇప్పుడు కొనేవాళ్లందరికీ ఆ డబ్బా తనే చూపిస్తున్నాడు, తనే కనిపెట్టినట్టు.

పాతది ఏమైందంటారా. దాన్ని అత్తయ్య తీసుకుంది. సవతిని వదులుకోవడం ఇష్టం లేదట. రెండు నెలల్లో డ్రైవింగు నేర్చుకుని, కుట్టిన బట్టలు ఇళ్లకు అందజేయడానికి దాంట్లోనే తిరుగుతోంది. మామయ్య షెడ్డులో గొయ్యిలో ఉండగానే, ఎక్కడో దూరాన ఆమె మూడో గేరు నుంచి రెండో గేరుకు దిగడం విని, పైకొచ్చి టీ నీళ్లు పెడతాడు. ఆమె కారు ఆపి లోపలికి వచ్చేసరికి కప్పులో టీ ఉంటుంది. ఏడు వీధుల అవతలనుంచి విన్నాడని నేను ఊరందరికీ చెప్పాను. ఇప్పుడు మీకూ చెప్పాను.

ఇదంతా రాసి నిన్న ఆయనకు చదివి వినిపించాను. గొయ్యిలోంచి చెయ్యి ఒక్కటే బయటికి చాపి, పద్నాలుగో నంబరు స్పానరు అందుకున్నాడు.

"ఏడు వీధులు కాదు, ఒక్క వీధి. అదీ గాలి ఇటు వీస్తేనే. కుడి చెవి నిజంగానే కాస్త తగ్గింది, అది కూడా రాయి."