సెమ్మె పువ్వు పక్కన చీటీ

మొన్న నేను పనిచేసి రిటైరైన కాలేజీ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసి, ఎండు మొక్కల అట్టలన్నిటికీ ఫోటోలు తీసి కంప్యూటర్లో ఎక్కిస్తున్నామనీ, ఒక అట్ట మీద నా దస్తూరీతోనే రెండు చీటీలున్నాయనీ, వాటిలో ఏది ఉంచాలో చెప్పమనీ అడిగింది. రెండూ ఉంచమన్నాను. కారణం ఫోన్లో చెప్పలేకపోయాను గాని, నా ఈడు వాళ్ళు మీరైతే ఓపిగ్గా వింటారు.

తొంభైల నాటి మాట. మేడ్చల్ దగ్గరి ఆ కాలేజీలో అప్పుడు నేను బోటనీ టెంపరరీ లెక్చరర్ని. వానాకాలం ఆదివారాలన్నీ శామీర్‌పేట చుట్టుపక్కల గుట్టలెక్కడం, దొరికిన మొక్కను వేళ్ళతో సహా పాత పేపర్ల మధ్య నొక్కి ఆరబెట్టడం, చివరికి అట్టకు కుట్టి, కింద చీటీ మీద మొక్క పేరు, ఊరు, తేదీ, సేకరించినవారి పేరు రాయడం నా పని. మా పెద్ద సారు తన యవ్వనంలో ఆ బండల్లో ఒకే ఒక్కసారి చూసిన పువ్వొకటుండేది. అడుగున బుడ్డిలా ఉబ్బి, పైన రేకుల కొసలు కలుసుకుని చిన్న లాంతరులా ఉంటుందట. మూడు వానాకాలాలు వెతికాను. అది దొరికితే ఉద్యోగం పర్మనెంటవుతుందని నాతో ఎవరూ అనలేదు గాని, నేను అట్లాగే అనుకుంటూ తిరిగాను.

అలియాబాద్ దగ్గరి గుట్ట మీద మేకలు కాసే బాలవ్వ అనే ముసలమ్మ నన్ను చాలాసార్లు చూసి, ఒకరోజు ఉండబట్టలేక దగ్గరికొచ్చింది.

"ఏం బోగొట్టుకున్నవు బిడ్డా?"

పేపరు అంచున పువ్వు బొమ్మ గీసి చూపిస్తే పకపకా నవ్వింది.

"గిది సెమ్మె పువ్వు గాదా! సిన్నప్పుడు దీని గడ్డలు తవ్వుకోని తిన్నం."

దీపపు సెమ్మెలా ఉంటుందని వాళ్ళింట్లో ఆ పేరట. రెండు గుండ్ల మధ్య నన్ను పక్కకు నడిపించి, బోర్లా పడుకుని, రాతి పగులులో గడ్డిని చేత్తో పాయ తీసి చూపించింది. మూడు పువ్వులు. నాకు ఏడుపొచ్చింది. గీ పువ్వు మీ బడిలనే ఉంటదా అని అడిగి, ఉంటుందంటే, అయితే నా పేరు గూడ రాయమంది. అట్లాగే అవ్వా అన్నాను.

రాయలేదు. చీటీలో చోటు చాలలేదని నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి మేకలు కాసే ముసలమ్మ చూపించిందంటే నా గొప్ప తగ్గుతుందని భయం.

దసరా వెళ్ళాక మేడ్చల్ అంగడికి మేకనమ్మడానికొచ్చిన బాలవ్వ, దారి అడుగుతూ కాలేజీకే వచ్చేసింది. అట్ట చూసి మురిసిపోయి, నా పేరేదని అడిగింది. ఆమెకు చదువు రాదు. నేను నా పేరు మీదే వేలు పెట్టి, ఇదే అవ్వా అన్నాను. కాసేపు దాన్నే చూసి, మంచిగుందని వెళ్ళిపోయింది.

మర్నాడు పెద్ద సారుకు జరిగిందంతా చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. ఈ అట్టల మీద ముందు రాసింది ఎప్పుడూ కొట్టెయ్యకూడదనీ, దిద్దేదేదైనా పక్కన వేరే చీటీ మీద రాయాలనీ చెప్పి, ఖాళీ చీటీ, గమ్ము సీసా నా ముందు పెట్టారు. మొక్కను చూపించినది అలియాబాద్ బాలవ్వ, ఆమె చెప్పిన పేరు సెమ్మె పువ్వు అని రాసి అతికించాను.

ఆదివారం గుట్టకు పోయి, తల వంచుకుని నిజం చెప్పాను.

"నాది గాదని గప్పుడే సమజైంది బిడ్డా. నువ్వు నా మొకం దిక్కు సూడకుండనే సూపెట్టినవు. నువ్వు పరేషాన్ అయితవని అడగలె," అని, కొంగులోని రెండు సీతాఫలాలు నా సంచిలో వేసింది.

ఉద్యోగం తర్వాతెప్పుడో పర్మనెంటయింది, దానికీ పువ్వుకూ ఏ సంబంధమూ లేదు. రెండువేల సంవత్సరం దాటాక ఆ గుట్టను కంకర కోసం పగలగొట్టారు. అది చూడకముందే బాలవ్వ పోయింది. ఇప్పుడక్కడ గోదాములున్నాయి. కాలేజీ బస్సుల్లో వచ్చే పిల్లలు రోడ్డు పక్క ఏ పువ్వు కనిపించినా ఫోన్ చూపించి క్షణంలో పేరు చెప్పేస్తారు, నేను మూడు వానాకాలాలు పడ్డ తిప్పలు వాళ్ళకు లేవు, సంతోషమే. కాని ఎవరు చూపించారమ్మా నీకు ఈ పువ్వును అని అడిగితే మాత్రం, వాళ్ళకు చెప్పుకోవడానికి ఒక మనిషంటూ లేరు.