కొమురయ్య బిగించిన షాకులు

నిన్న పొద్దున్నే ఫోన్ వచ్చింది. కొమురయ్య పోయాడట.

"ఏ కొమురయ్య?" అన్నాను. ఆ పేరుతో నాకు తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు, అయినా అడిగాను.

మా బామ్మర్దే. మహబూబాబాద్ మార్కెట్‌లో మిర్చి బస్తాలు దింపుతూ ఛాతీ పట్టుకున్నాడట. దవాఖానకు చేరేసరికే అయిపోయింది.

పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. నాకు అబద్ధాలు రావు.

కొమురయ్య మొండివాడు. ఎవరి మాటా వినడు. వినకపోతే పోనీ, చెప్పినవాడిని నలుగురిలో నవ్వులపాలు చేస్తాడు.

మా ఆవిడ సమ్మక్క వాడి సొంత అక్క. పక్కన కూర్చుని ఏడుస్తూ "గిట్లనా రాసేది?" అంటోంది.

గిట్లనే.

వాడిది గంగారం. పికప్ బండి నడిపేవాడు. మిర్చి, వడ్లు, ఏది దొరికితే అది వేసుకుని భూపాలపల్లి దాకా తిరిగేవాడు. నాది జనగామ. నేనూ బతుకంతా స్టీరింగ్ పట్టినవాడినే.

ఒకసారి వాడి బండి వెనక షాకులు, అంటే షాక్ అబ్జార్బర్లు, పోయాయి. ఆయిల్ కారిపోయి, గుంత వస్తే బండి ఊయల లాగా ఊగేది. కొత్తవి కొనడానికి జనగామ వచ్చాడు. షాపుకు నేనూ పోయాను.

షాపువాడు రెండు రకాలు ముందు పెట్టాడు. ఒకటి బండికి ఇదివరకు ఉన్నలాంటిదే. ఇంకోటి లావుగా, ఎర్రగా ఉంది. చేత్తో ఎంత నొక్కినా దిగదు.

కొమురయ్య ఎర్రదాన్నే పట్టుకున్నాడు.

"అరే, బరువు మోసేది కమాన్ పట్టీలురా. షాక్ పని ఎగురుడు ఆపుడే. గంత గట్టిది ఏస్తే ఖాళీ బండి రాయి లెక్క కొడ్తది" అన్నాను.

"ఖాళీగ తిప్పెటోనికి గా బాధ. నా బండి ఎన్నడన్న ఖాళీగ పోయిందా బావా?"

షాపువాడు పళ్లికిలించాడు. ఎర్రవే కొన్నాడు.

మా వాకిట్లోనే జాకీ పెట్టి బండి లేపాడు. మెకానిక్ వద్దట, నేను అసలే వద్దట. చక్రాలు గాలిలో వేలాడుతుండగానే బోల్టులు బిర్రుగా బిగిస్తున్నాడు.

"చక్రం నేలకు ఆనినంక ఫుల్ టైట్ చెయ్యాలెరా. గాలిల బిగిస్తే, బండి దించంగనే షాక్ కొసలకుండే రబ్బర్ బుష్ మెలిపడి చినుగుతది."

బండి కిందనుంచే వాడకట్టంతా వినేలా అరిచాడు. "అక్కా! బావకు ఏం పని లేనట్టుంది. జర ఉల్లిగడ్డలు కొయ్యమను!"

అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా.

వానలు పడకముందే బుష్‌లు చిరిగాయి. గుంత గుంతకూ టక్, టక్.

నేను చుట్టాలందరికీ చెప్పాను. వాడు నోరు తెరిచి 'బావా, జర చూడు' అంటే చూస్తాను, లేకపోతే చెయ్యి పెట్టను అని.

ఆ మాట వాడికి చేరింది. "సచ్చినా అడగ" అన్నాడట.

అప్పటినుంచి మా ఇంటికొస్తే బండి మెయిన్ రోడ్డు మీదే ఆపేవాడు. చప్పుడు నాకు వినపడొద్దని. మిర్చి మూట భుజాన వేసుకుని, చెమటలు కక్కుకుంటూ నడిచొచ్చేవాడు.

"బండేదిరా?"

"వాకింగ్ మంచిదట బావా. డాక్టర్ చెప్పిండు."

నేనేం తక్కువ తిన్నానా. వాడు చాయ్ తాగుతుంటే ఎదురుగా కూర్చుని చెంచాతో గ్లాసు మీద కొట్టేవాడిని. టక్, టక్. వాడి ముఖం మాడిపోయేది. చాయ్ మాత్రం పూర్తిగా తాగే లేచేవాడు.

నిన్న దవాఖాన నుంచి వాడిని ఇంటికి తీసుకుపోయింది ఆ బండిలోనే. కొమురయ్య కొడుకు రవి నడిపాడు, రవి తల్లి ముందు అతని పక్కన కూర్చుంది. వెనక శవం దగ్గర మా ఆవిడ, నేను.

మొదటిసారి కొమురయ్య బండి ఖాళీగా పోయింది. వెనక ముగ్గురు మనుషులం, అందులో ఒకడు పోయినవాడు. ఆ షాకులకు అదొక లోడా?

కొత్తగూడ దాటాక అడవి రోడ్డు. ప్రతి గుంతకూ శవం ఎగిరి కింద రేకుకు కొట్టుకుంటోంది. మా ఆవిడ వాడి తల ఒడిలో పెట్టుకున్నా జారి కింద పడుతోంది.

"ఏమయ్యా, సచ్చినంక గూడ నా తమ్మునికి గీ దెబ్బలేంది?"

"ఎర్రది కొన్నడు గదా. తిననీ" అన్నాను.

ఆమె తమ్ముడి తల కింద రెండు చేతులూ పెట్టింది. తర్వాతి గుంతకు ఆమె వేళ్లు రేకుకూ తలకూ మధ్య నలిగాయి. అప్పుడు కూడా చేతులు తీయలేదు.

బండి ఆపించాను.

పక్కన కల్లంలో వడ్ల బస్తాలున్నాయి కానీ శవం పక్కన వడ్లు వేయరు. కల్వర్టు పని దగ్గర ఇసుక బస్తాలు అడిగి రెండు పక్కలా వేయించాను. బండి కాస్త కూర్చుంది.

తర్వాత బండిలో ఉన్న వాడి పానా సెట్టే తీసుకుని కింద దూరాను. బుష్‌లు పీలికలైపోయాయి. పాత ట్యూబు కోసి చుట్టాను. చక్రాలు నేల మీదే ఉన్నాయి. బిగించాను.

వెనకొచ్చే ఆటోలన్నీ ఆగాయి. చుట్టాలంతా దిగి చూస్తున్నారు. ఈ వయసులో, తెల్ల ధోతితో, నడిరోడ్డు మీద వెల్లకిలా పడి ఉన్నాను. ఒక్క మాట అడగకుండానే చేయించుకున్నాడు.

అక్కడినుంచి ఊరిదాకా టక్ అనలేదు. వాడి తల కదలలేదు.

సాయంత్రం దింపుడు కల్లం దగ్గర పాడె దించారు. చెవిలో పేరు పెట్టి పిలవమన్నారు. కొడుకు పిలిచాడు. తర్వాత నన్ను వంగమన్నారు.

"కొమురయ్యా. చక్రం నేలకు ఆనినంకనే బిగించినరా. చప్పుడు పోయింది. ఇప్పుడు చెప్పు, ఎవడు కరెక్ట్?"

వాళ్లు రెక్క పట్టి లేపేదాకా చెవి దగ్గరే ఉన్నాను. ఏదో ఒకటి అంటాడని.

మొండోడు. ఉలకలేదు.

పోరా బామ్మర్దీ. ఈసారి లోడ్ వేసుకోకు, ఖాళీగా పో. నువ్వు పోయే తోవలో ఒక్క గుంత కూడా ఉండొద్దు.