దేవతకు పెట్టిన మాత్రలు

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. అరకు ఘాట్ రోడ్డులో తెల్లచీర మనిషి జీపు ఆపిందని డ్రైవర్లు చెప్పుకునే కథల్లో సగం నేనల్లినవే. అల్లినవాడికి భయమేముంటుంది? మా చెల్లెలు బుద్రి సంగతి మాత్రం నేనల్లింది కాదు.

తొంభైల చివర్లో నేను జీపు తోలేవాణ్ణి. పెళ్లయి ఏళ్లు గడిచినా బుద్రికి పిల్లల్లేరు. కొత్త పంట ఇంటికొచ్చేలోగా కడుపు పండకపోతే కొడుక్కి ఇంకో గుంటను, అంటే ఆడపిల్లను, తెస్తానని వాళ్ల అత్త సంతలో నలుగురి ముందూ అనేసింది. గుంటను చూసి కూడా పెట్టుకుంది.

నేనే బుద్రిని విశాఖపట్నం తీసుకెళ్లాను. డాక్టరమ్మ పరీక్షలు చేసి, అండం విడుదల కావడానికి ఒక పట్టీ మాత్రలు రాసింది. నెలసరి వచ్చాక రోజుకొకటి మింగి, ఆ తర్వాత స్కానింగ్‌కు రమ్మంది.

మా కొండవాళ్లలో కొత్త మామిడికాయైనా, కొత్త చిక్కుడైనా కొండదేవతకు పెట్టనిదే నోట పెట్టుకోం. బుద్రి మాత్రలకూ అదే పద్ధతి పాటించింది. పట్టీని గెడ్డ అవతల దేవత రాళ్ల మధ్య పెట్టి, మర్నాడు తెచ్చుకుందామనుకుంది. ఆ సాయంత్రమే వాన మొదలైంది. గెడ్డ పొంగి, వాగు దాటే దారి లేకపోయింది. మాత్రలు మింగాల్సిన రోజులన్నీ వానలోనే గడిచిపోయాయి.

ఇదంతా నాకు స్కానింగ్‌కు వెళ్తుంటే దారిలో చెప్పింది.

"ఒక్కటీ మింగనేదా?"

"గెడ్డ దాటనిత్తేనా అన్నా?"

"డాక్టరమ్మకి సెప్పకు. ఇద్దర్నీ తంతాది."

తీరా స్కానింగ్‌లో డాక్టరమ్మ మొహం చిట్లించింది. "రోజుకొకటంటే ఎన్ని మింగావమ్మా? రెండు వైపులా అండాలు పెరిగాయి. కళ్ల ముందు మెరుపులేమైనా వచ్చాయా?" బుద్రి అవునని తలూపింది. ఆ మాత్రలు వాడినవాళ్లలో కొందరికి అలా అవుతుందట. ఇంకో పట్టీ కొనిచ్చానేమోనని డాక్టరమ్మ నన్ను దొంగను చూసినట్టు చూసింది.

అనుమానం నాకూ పట్టుకుంది. ఊరికి రాగానే గెడ్డ దాటి వెళ్లాం. పట్టీ రాళ్ల మధ్యే ఉంది. వెనక రేకు ఎక్కడా చిరగలేదు. లోపల ఒక్క మాత్రా లేదు.

బుద్రి వాళ్లాయన్ని నిలదీశాను. "ఇంకో పట్టీ కొని అంబలిలో కలిపినావేటి బావా?"

"బాగుందిరా బావా! నాకు మందు పేరైనా తెల్దు."

అత్తనూ వదల్లేదు. ఆవిడ నవ్వింది. "ఇంకో గుంటకి మాటిచ్చీసినదాన్ని. దీనికి మందెందుకెడతాను నాయినా?"

మాట న్యాయంగానే ఉంది. అందుకే ఇంకా అనుమానం పెరిగింది.

కొత్త పంట ఇంటికొచ్చేసరికి బుద్రికి నెల తప్పి కొన్నాళ్లయింది. కవలలు పుట్టారు, ఇద్దరూ గుంటలే. రెండో పెళ్లి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

తర్వాతెప్పుడో డాక్టరమ్మకు ఆ ఖాళీ పట్టీ చూపించాను. తిప్పి తిప్పి చూసి, కంపెనీవాళ్లు మాత్రలు పెట్టడం మరిచారేమో అంది. మరి షాపులో కొన్నప్పుడు నేను చూసిన మాత్రలేమిటి?

బుద్రికి ఏ అనుమానమూ లేదు. "తల్లి తినీసి నాకెట్టింది" అంటుంది, అన్నం వడ్డించినంత మామూలుగా. ఎవరు తిన్నారో, ఎవరు పెట్టారో నాకైతే ఇప్పటికీ తేలలేదు.

ఆ ఇంటికి వెళ్తాను, ఎదిగిన మేనకోడళ్లతో కబుర్లు చెబుతాను. అంబలి ఇస్తే మాత్రం కడుపు నిండిందంటాను.