ఖాళీ డబ్బాకు బొట్టు పెట్టను

ఫిల్మ్ నగర్‌లో మా వారిది సినిమా వాళ్లకు ఫిల్మ్ డబ్బాలు అమ్మే దుకాణం. కొత్త సినిమా ముహూర్తానికి వెళ్లే మొదటి డబ్బాకు నేనే బొట్టు పెట్టి ఇస్తాను. ఇరవై ఏళ్లుగా అదే ఆనవాయితీ. ఈ మధ్య అందరూ డిజిటల్ అంటున్నారు. ఫిల్మ్ తయారుచేసే కంపెనీ కూడా వచ్చే ఏడాది సంగతి చెప్పలేమని మా వారికి ఉత్తరం రాసింది.

ఈ ఉదయం ప్రొడక్షన్ మేనేజర్ యాదగిరి వచ్చాడు.

“అక్కా, సినిమా మొత్తం డిజిటల్లనే తీస్తున్నం. పూజల డబ్బా పెట్టకుంటే ప్రొడ్యూసర్ వాళ్లమ్మ ఒప్పుకుంటలేదు. జర ఒక ఖాళీ డబ్బా ఇయ్యి.”

“ఖాళీది దేవుడి ముందు పెట్టకూడదు యాదగిరీ. నిండుది ఇస్తాను. మొదటి షాట్ దాని మీద తియ్యండి.”

“గా కెమెరా ఏడికెళ్లి తేవాలె అక్కా?”

“పక్క సందులో అద్దెకిచ్చే వాళ్ల దగ్గర ఊరికే పడుంది. దానికీ పని దొరుకుతుంది.”

తల గోక్కుంటూ ఫోన్ చేశాడు. ఆ పెద్దావిడ వెంటనే సరేనందట. ఫిల్మ్ చల్లగా ఉండాలని మా ఇంటి ఫ్రిజ్‌లోనే దాస్తాం. పెరుగు గిన్నె పక్కనున్న డబ్బా తీసి, బొట్టు పెట్టి ఇచ్చాను.

కెమెరా గిర్రుమని తిరుగుతుంటే అందరూ మాటలు ఆపి విన్నారని సాయంత్రం యాదగిరి వచ్చి చెప్పాడు. వెళ్తూ వెళ్తూ, “వచ్చే నెల ఇంకోటి ఉన్నది, ఒక డబ్బా పక్కకు పెట్టక్కా” అన్నాడు.

కంపెనీ ఏం చేస్తుందో నాకు తెలియదు. ఫ్రిజ్‌లో ఇంకా తొమ్మిది డబ్బాలున్నాయి. తొమ్మిది ముహూర్తాల దాకా దిగులు లేదు. ఆ తరువాత గోరంత మెమరీ కార్డుకు బొట్టు ఎక్కడ పెట్టాలో, తెలిసినవాళ్లు ఇప్పుడే చెప్పి ఉంచండి.