ట్యాంకు మామయ్య తొమ్మిదో కొండ

మా మేనమామ అంత మొండిమనిషిని నేనింతవరకూ చూడలేదు. చూడాలని సరదా కూడా లేదు.

ముప్పై రెండేళ్లు నీటి సరఫరా ఆఫీసులో వాల్వులు తిప్పే ఉద్యోగం చేశాడాయన. ఊరి చుట్టూ తొమ్మిది కొండలు, ప్రతి కొండ మీదా ఒక నీళ్ల ట్యాంకు, ప్రతి ట్యాంకుకీ ఒకవైపు ఎక్కి ఇంకోవైపు దిగే సన్నటి తారురోడ్డు. దారిలో ఒక్క ఇల్లు కూడా ఉండదు కాబట్టి ఆ రోడ్ల సంగతి ఎవరికీ పట్టదు. ఆఫీసువాళ్లు జీపు ఇస్తామన్నా వద్దని మామయ్య సైకిలు మీదే వెళ్లేవాడు. అందుకే అందరికీ ట్యాంకు మామయ్య అయ్యాడు.

ఆయన దగ్గర ఒక పొడుగాటి రూళ్ల పుస్తకం ఉంది. కొండెక్కే దారులన్నీ ముందు నుంచి రాసుకున్నాడు. దిగే దారులు పుస్తకం తిరగేసి వెనక నుంచి రాశాడు. "రెండో మలుపులో గేరు తగ్గించు. ఐదో మలుపు దాకా నోరు మూసుకో." ఇదీ ఆయన రాత. మాట కూడా అంతే, ఎప్పుడూ పుల్లవిరుపే.

నాకు పన్నెండేళ్లప్పుడు సైకిలు నేర్పింది ఆయనే. ఎనిమిది కొండలు ఆయన వెంటే ఎక్కాను. తొమ్మిదోది మాత్రం చూపించలేదు. అన్నింటికన్నా నిటారుగా, అన్నింటికన్నా బాగుంటుందని ఆయనే ఊరించాడు, ఆయనే ఆపాడు. ఇప్పుడు నాకు ఇరవై ఆరు. సైకిళ్ల షాపులో చక్రాలకు ఊచలు బిగించి వంకర తీస్తాను. ఆ పనిలో నన్ను మించినవాళ్లు ఊళ్లో లేరు. అయినా ఈయన లెక్కలో నేనింకా చిన్నపిల్లనే.

ఒకరోజు మా వంటింటి గుమ్మంలో ఆయన పాత కాగితం పరుచుకుని, అరిగిపోయిన బ్రష్షుతో సైకిలు గొలుసు తోముకుంటుంటే అడిగాను.

"మామయ్యా, తొమ్మిదోది ఎప్పుడు?"

"నీకింకా టైం రాలేదు."

"పదేళ్ల నుంచీ ఇదే పాట. ఆ కొండేమన్నా నీ జేబులో ఉందా?"

"ఉందనుకో. ఏం చేస్తావు?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఏం చేస్తానో చూపిద్దామనుకున్నాను.

సైకిల్ క్లబ్బు సెక్రటరీ అప్పటికే మా షాపు చుట్టూ తిరుగుతున్నాడు. ఏటా ఐదు రోజుల యాత్ర పెడతాడు. ఈసారి ఎవరూ తొక్కని కొండలు కావాలని వెతుకుతున్నాడు. ఒకప్పుడు మామయ్య రోడ్లను నలుగురిలో "పంపుల రోడ్లు" అని వెక్కిరించింది ఈ పెద్దమనిషే. అప్పట్నుంచీ ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. ఆ సంగతి తెలిసే నేను, మామయ్య స్నానానికి వెళ్లిన పది నిమిషాల్లో పుస్తకం తీసి, ముందు పేజీలన్నీ ఫోన్లో ఫోటోలు కొట్టి సెక్రటరీకి పంపాను. వెనక పేజీలు తిప్పలేదు. దిగడానికి రాత ఎందుకు, బ్రేకు వదిలేస్తే చక్రాలే పోతాయి అనుకున్నాను.

వారంలో మా షాపు అద్దానికి పోస్టరు పడింది: "ఎవరికీ తెలియని తొమ్మిది ఎత్తులు." బ్రేకు రబ్బర్ల కోసం వచ్చిన మామయ్య దాని ముందు ఆగి అక్షరం అక్షరం చదివాడు. నా వైపు కొరకొరా చూశాడు. నేనూ తల దించుకోలేదు. అప్పుడే సెక్రటరీ లోపలికొచ్చాడు.

"తొమ్మిదోది దిగొద్దు. ఎక్కి, వచ్చిన దారినే వెనక్కి రండి" అన్నాడు మామయ్య.

"ఎందుకో?"

"చెప్పాను. వింటే విను, లేకపోతే పో."

"ముసలాయన కుళ్లుకుంటున్నాడమ్మా!" అన్నాడు సెక్రటరీ పకపకా నవ్వుతూ. నేనూ నవ్వాను. కక్ష తీరినట్టనిపించింది. మామయ్య రబ్బర్లు కొనకుండానే వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఇంట్లో నాతో మాటల్లేవు.

యాత్ర చివరి రోజు తొమ్మిదో కొండ. నాతో కలిపి మొత్తం పద్నాలుగు మందిమి. మలుపు మలుపుకీ ఊపిరి గొంతులోకి వచ్చింది. పైన ట్యాంకు నీడలో నిలబడితే ఊరంతా అరచేతిలో ఉన్నట్టు కనిపించింది. ఇంత మంచి దారిని పదేళ్లు దాచాడే అని మళ్లీ కోపం వచ్చింది. ఆ కోపంలోనే అందరికన్నా ముందు దిగడం మొదలుపెట్టాను. చెవుల్లో గాలి హోరు తప్ప ఇంకేం వినపడలేదు.

మూడో మలుపులోకి వచ్చేసరికి రోడ్డుకి అడ్డంగా ఒక పచ్చ సైకిలు పడుకోబెట్టి ఉంది. దాని పక్కన మామయ్య, రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. ఈగ వాలినా ఆయన తుడుచుకునే సైకిలు అది. పై ప్రాణాలు పైనే పోయాయి. రెండు బ్రేకులూ పట్టేశాను. నా సైకిలు వెనక చక్రం ఈడ్చుకుంటూ పోయి ఆ పచ్చ సైకిలుకి తగిలి ఆగింది. నా చెయ్యి తగిలి ఆయన పక్కకు తూలాడు, నా ముందు చక్రం కింద ఆయన సైకిలు పెడలు వంగిపోయింది.

వెనకే వచ్చిన సెక్రటరీ అరిచాడు. "చంపుదామనుకున్నావా? ఈ రోడ్డు నీ బాబు సొత్తా?"

మామయ్య నా వైపు తిరిగాడు. నా చేతిలోంచి సైకిలు లాక్కుని మలుపు దాటించాడు. అక్కడ రోడ్డుకి అడ్డంగా కాలువ, దాని మీద ఇనప చువ్వలు. ముందు చక్రాన్ని రెండు చువ్వల మధ్య వదిలాడు. చక్రం సగం దాకా దిగి బిగుసుకుపోయింది. ఇందాకటి వేగంతో నేను వచ్చి ఉంటే తలకిందులుగా ఎగిరి పడేదాన్ని.

"మరి... పుస్తకంలో ఈ ముక్క లేదే?" అన్నాడు సెక్రటరీ.

మామయ్య సంచిలోంచి పుస్తకం తీసి, తిరగేసి నా చేతిలో పెట్టాడు. "చదువు. గట్టిగా."

చదివాను. "తొమ్మిది. దిగే దారి. మూడో మలుపు దాటగానే కాలువ. చువ్వలు రోడ్డు పొడుగునే వేశారు. సన్న చక్రం దిగిపోతుంది. మన పిల్లకి బ్రేకు మీద చెయ్యి పడదు, చెప్పినా వినదు. చువ్వలు అడ్డంగా మార్పించేదాకా దీన్ని ఇక్కడికి తేకూడదు."

కింద వరుసగా తేదీలు. ఆఫీసుకి పెట్టుకున్న అర్జీల తేదీలు. మొత్తం పదకొండు. మొదటిది పదేళ్ల కిందటిది, చివరిది పోయిన నెలది.

పుస్తకం మూసి ఆయనకిచ్చేశాను.

"అందరూ దిగి నడిపించుకు పొండి" అన్నాడు మామయ్య. వంగిపోయిన పెడలుతో సైకిలు లేవనెత్తాడు. నేను దగ్గరికి వెళ్లాను.

"మామయ్యా, షాపుకి తీసుకురా. నేను సరిచేస్తా."

"నా సైకిలు ముట్టుకోకు."

ఇది జరిగి ఎనిమిది నెలలైంది. పన్నెండో అర్జీ నేను రాశాను. భోజనాల బల్ల మీద పెట్టి పెన్ను పక్కనుంచాను. రెండుసార్లు చదివి, ఒక తప్పు దిద్ది సంతకం పెట్టాడు. నాతో మాత్రం ఇప్పటికీ మాట్లాడడం లేదు.